తేమకూ ఒక దిట్టం రాయించండి

తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యనిర్వహణాధికారి గారికి,



శ్రీవారి వంటశాల పోటులో 5,100 లడ్డూలు చేయాలంటే సరుకులుండే ఉగ్రాణం నుంచి ఏది ఎంత తీయాలో దేవస్థానం దిట్టంలో, అంటే కొలతల పట్టికలో, అంకెలతో సహా ఉంటుంది. శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4. మొత్తం 803 కిలోలు. పోటులో ఎవరున్నా, ఏ అధికారి వచ్చి ఏ అధికారి వెళ్లినా, తూకం ఆ కాగితం చూసే పడుతుంది. శ్రీవారి లడ్డూ రుచి నిలబడిందంటే వంటవాళ్ల చేతి చలవ ఎంతో, ఆ కాగితం చలవ కూడా అంతే.

అదే కట్టుదిట్టాన్ని ఇంకో విషయంలో అడగడానికి ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను. ఆ విషయం తేమ. దేవస్థానం చేతిలో ఉన్న రాగిరేకులు, తాళపత్రాలు, పాత దస్తావేజులు, ఉగ్రాణంలో సరుకులు, వీటిలో దేని దగ్గర గాలిలో ఎంత తేమ ఉండాలి, దాన్ని ఎలా నిలబెట్టాలి, ఎవరు చూడాలి అన్నదానికి రాతపూర్వకమైన దిట్టం ఉందా? ఉంటే ప్రజల ముందు పెట్టండి. లేకపోతే రాయించండి. నేను తిరుపతిలో రసాయన శాస్త్రం చెప్పుకునే మాస్టారిని. ఫలానా వస్తువు పాడైపోతోందని ఆరోపణ చేయడం లేదు. పాడవకుండా చూడడానికి పెద్దగా ఖర్చు కాని పద్ధతి ఒకటుందని, అయితే దాన్ని లెక్క లేకుండా వాడితే మేలు కన్నా కీడే ఎక్కువని చెప్పాలనే నా ప్రయత్నం.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ శేషాచలం అడవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ వెనకే మంచు. 2021 నవంబరు వానలకు మాడవీధుల్లో నీళ్లు పారాయి, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి, శ్రీవారిమెట్టు నడకదారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. అది కంటికి కనిపించిన నష్టం కాబట్టి అందరూ కదిలారు, బాగు చేశారు. మూసిన బీరువాలో, గాజు పెట్టెలో, ఇనుప అరల వెనక గాలి చెమ్మగిల్లితే ఎవరికీ ఫోన్ రాదు. పదేళ్ల తర్వాత ఎవరో ఒక కట్ట విప్పినప్పుడు గానీ అది బయటపడదు.

ఇలాంటి చోట్ల ఇవాళ అందరికీ మొదట గుర్తొచ్చేది సిలికా జెల్. కొత్త చెప్పుల పెట్టెలో, మందు సీసాలో, కెమెరా సంచిలో ‘తినరాదు’ అని రాసి ఉండే చిన్న తెల్ల పొట్లం. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాట్రిక్ దీని తయారీకి 1919లో పేటెంటు పొందాడు. అంతకుముందే మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే ముసుగుల కోసం వాడారు. రెండో యుద్ధంలో పెన్సిలిన్‌ను, సైనిక సామగ్రిని తడి తగలకుండా చూడడానికి వాడారు. పేరులో జెల్ అని ఉన్నా అది జిగురు కాదు, గట్టి గింజ. ఇసుకలో ఉండే సిలికానే, కాకపోతే లోపలంతా కంటికి కనబడని బొరియలు. ఒక్క గ్రాము గింజల్లో ఆ బొరియల గోడల వైశాల్యం 700 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరి ఆ గోడలకు పట్టుకుంటుంది. బాగా చెమ్మగా ఉన్న గాలిలో గింజలు తమ బరువులో మూడో వంతు దాకా నీటిని పట్టగలవు. 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడి చేస్తే ఆ నీరంతా వదిలేసి మళ్లీ మొదటి స్థితికి వస్తాయి.

ఇంతవరకు వింటే పొట్లాలు కొని అన్ని బీరువాల్లో పడేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఒక ఘనపు మీటరు గాజు పెట్టె ఉందనుకోండి. వానాకాలంలో కొండమీద 20 డిగ్రీల చలి, గాలిలో 90 శాతం తేమ. పెట్టె లోపల 40 శాతమే ఉండాలి. ఆ పెట్టె సందుల్లోంచి రోజుకు ఒకసారి లోపలి గాలంతా మారుతుందనుకుంటే, రోజూ సుమారు 8.6 గ్రాముల నీటి ఆవిరి అదనంగా లోపలికి వస్తుంది. మూడు నెలలకు 780 గ్రాములు. నలభై శాతం దగ్గర సిలికా జెల్ తన బరువులో ఐదో వంతు నీటినే పట్టగలదని లెక్కకట్టినా, ఆ ఒక్క పెట్టెకు దాదాపు నాలుగు కిలోల గింజలు కావాలి. నాలుగు గ్రాముల పొట్లాలైతే వెయ్యి. మ్యూజియం శాస్త్రంలో పేరున్న గ్యారీ థామ్సన్ 1970లలో ఘనపు మీటరుకు 20 కిలోలు పెట్టమన్నది ఊరికే కాదు. అంత పెడితే గింజలు తేమను పీల్చడమే కాక, బయట ఎండ వాన మారినా లోపలి తేమను ఒకే చోట నిలబెడతాయి.

మామూలు బీరువా సంగతి సరేసరి. తలుపు తీసిన ప్రతిసారీ లోపలి గాలి మారిపోతుంది. మూలన పడేసిన రెండు పొట్లాలు ఒక్క పూటలో నిండిపోయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉత్త కాగితం ముక్కల్లా పడి ఉంటాయి. పొట్లం ఉంది కదా అన్న ధీమా మాత్రం మిగులుతుంది. పొట్లమే లేకపోతే కనీసం ఆ ధీమా ఉండదు, ఎవరో ఒకరు అప్పుడప్పుడు తెరిచి చూస్తారు.

ఇక వస్తువుల దగ్గరికి వస్తాను. అన్నింటికన్నా ముందు తాళ్లపాక రాగిరేకులు. అన్నమాచార్యుల సంకీర్తనలు, ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుల రచనలు చెక్కించి శ్రీవారి ఆలయంలోనే సంకీర్తన భండారంలో భద్రపరిచిన రేకులవి. రెండు వేలకు పైగా దొరికాయి. అన్నమయ్య 32 వేల పాటలు రాశాడని చెబుతారు, మనకు మిగిలినవి 14 వేల దాకా. ఆ మిగిలినవైనా ఈ రేకుల పుణ్యమే. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు కళ్లు కాయలు కాచేలా వాటిని చదివి అచ్చుకు ఎక్కించారు.

రాగి మీద పట్టే పచ్చదనమంతా చెడ్డది కాదు. గట్టిగా, సమంగా పట్టిన పొర రాగిని కాపాడుతుంది కూడా. భయపడాల్సింది లేతాకుపచ్చగా, పొడిపొడిగా, చుక్కలు చుక్కలుగా లేచేదానికి. రాగిలోకి ఉప్పు చేరితే, అంటే క్లోరైడు చేరితే, తేమ, గాలి కలిసి ఒక గొలుసుకట్టు చర్య మొదలవుతుంది. రాగిని తింటూ పోయే ఆమ్లం ఆ చర్యలోనే మళ్లీ మళ్లీ పుడుతూ ఉంటుంది, కాబట్టి దానంతట అది ఆగదు. చెక్కిన అక్షరం లోతు ఎంతని! పొడి రాలిన చోట అక్షరం కూడా రాలిపోతుంది. ఈ చర్యను ఆపడానికి సంరక్షకులు చెప్పే మార్గం చుట్టూ గాలిలో తేమను 42 శాతం కన్నా కిందికి దించి అక్కడే ఉంచడం. సిలికా జెల్‌కు సరిగ్గా తగిన పని ఇది. గట్టిగా మూతపడే పెట్టె, లెక్క ప్రకారం గింజలు, లోపల ఒక తేమమాపకం. ఇవి మూడూ ఉంటే రాగిరేకు ఇంకో ఐదు వందల ఏళ్లు నిశ్చింతగా ఉంటుంది.

ఆ ఉప్పు రేకు మీదికి ఎలా వస్తుందని అడగవచ్చు. చేతి చెమటలో ఉంటుంది. అంతకన్నా ఎక్కువగా మన ఇళ్లలో రాగి చెంబు తోమే చింతపండు, ఉప్పు ముద్దలో ఉంటుంది. చెంబును తోమి వెంటనే నీళ్లతో కడిగేస్తాం కాబట్టి దానికేమీ కాదు. గీతల్లో, గుంటల్లో ఉప్పు ఇరుక్కునే పాత రేకుకు, విగ్రహానికి అది విషం. శ్రీవారి ఆలయంలోని ప్రతిమా మంటపంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహాల విషయంలోనూ ఈ జాగ్రత్త కావాలి. వాటిని గాజు పెట్టెలో పెట్టలేం, పెట్టకూడదు కూడా. వేల మంది ఊపిరి తగిలే ఆ గాలిలో సిలికా జెల్‌కు పని లేదు. అక్కడ పనికొచ్చేది ఎవరూ ముట్టుకోకుండా చూడడం, పండగలకు మెరుగు పెట్టే ఉత్సాహాన్ని ఆపడం, లోహ సంరక్షణ తెలిసిన నిపుణుల చేత ఎప్పటికప్పుడు చూపించడం.

తాళపత్రాలు పూర్తిగా వేరు. తిరుపతిలో 1939లో దేవస్థానం స్థాపించిన ప్రాచ్య పరిశోధన సంస్థ తర్వాత శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కలిసింది. అక్కడ, ఇంకా ఊళ్లోని సంస్కృత, వేద విద్యాసంస్థల్లో తాళపత్ర గ్రంథాలున్నాయి. తాటాకు ఒకప్పుడు ప్రాణమున్న ఆకు. దానిలో కొంత తేమ ఉంటేనే అది వంగుతుంది. గాలిలో తేమ 65, 70 శాతం దాటితే బూజు, పురుగు. 40 శాతానికి దిగితే ఆకు పెళుసుబారి, కట్ట తాడు దగ్గర విరుగుతుంది. 50 నుంచి 55 శాతం దానికి సుఖం. రాగిరేకుకు వేసినన్ని గింజలు తాళపత్రాల పెట్టెలోనూ వేస్తే వందల ఏళ్లు పురుగు చేయలేని పని మనమే చేసిన వాళ్లమవుతాం. అందుకే ఆ పెట్టెలో పెట్టే సిలికా జెల్‌ను ఎండు గింజలుగా కాక, ముందే 50 శాతం తేమ గాలిలో ఉంచి ఆ స్థాయికి అలవాటు చేసి పెట్టాలి. అప్పుడది తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే తిరిగి ఇస్తుంది. మన పెద్దలు తాటాకుకు నిమ్మగడ్డి నూనె రాసి, వసకొమ్ము వేసి, గుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య బిగించి కట్టిందీ ఈ సూత్రం మీదే. ఆకు ఎండిపోనూ కూడదు, తడవనూ కూడదు.

మీ కార్యాలయంలోనే ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చు. రాగిరేకులు నాలుగు వందల ఏళ్లు ఏ గింజలూ లేకుండానే ఉన్నాయి కదా, ఇప్పుడెందుకు ఈ హడావుడి అని. న్యాయమైన ప్రశ్నే. అన్నాళ్లూ అవి ఉన్నది రాతి గదిలో. మందమైన రాతి గోడలు ఎండనూ చలినీ లోపలికి తొందరగా రానివ్వవు. గది తెరిచేవాళ్లు లేరు, దీపాలు లేవు, జనం లేరు. రేకుల మీద రేకులు పేర్చి ఉండడంతో వాటి మధ్య గాలి ఆడింది తక్కువ. ఇవాళ ఏ పాత వస్తువును ప్రదర్శనకు పెట్టినా చుట్టూ గాజు, పైన లైట్లు, ఎదురుగా జనం. పగలు ఏసీ, రాత్రి స్విచ్ ఆఫ్. 25 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి 15 డిగ్రీలకు చల్లబడితే దానిలోని ఆవిరి నీళ్లై గాజు మీద, లోహం మీద చేరుతుంది. కొండమీద డిసెంబరు రాత్రికి అది పెద్ద చలి కాదు. మనం వస్తువును వెలుగులోకి తెచ్చాం, మంచిదే. దానితో పాటు అది అప్పటిదాకా ఎరగని వాతావరణంలోకీ తెచ్చాం. ఆ తేడాను సరిచేసే బాధ్యత మనదే.

ఉగ్రాణం, గోదాముల సంగతి చూస్తే అక్కడ నియమం మళ్లీ మారుతుంది. వందల బస్తాల శనగపిండి, చక్కెర ఉన్న గోదాములో సిలికా జెల్ వేయడం డబ్బు దండగ. తలుపు తీస్తే చాలు, దాని పని అయిపోయింది. అక్కడ కావలసింది నేలకు ఎత్తుగా చెక్క బల్లలు, గోడకు బస్తాకు మధ్య మనిషి నడిచేంత ఎడం, ముందు వచ్చిన సరుకు ముందు వాడే క్రమం, వాన రోజుల్లో తేమ తీసే యంత్రం. జీడిపప్పును కర్మాగారాలు గాలి తీసేసి నైట్రోజన్ లాంటి వాయువు నింపిన డబ్బాల్లోనో, బిగుతైన సంచుల్లోనో పంపుతాయి. దాన్ని అలాగే ఉంచి, ఏ రోజు వాడాల్సింది ఆ రోజే విప్పితే చాలు. ఏలకులు మాత్రం తేమ తగిలితే వాసనా పోతుంది, బూజూ పడుతుంది. 5,100 లడ్డూలకు నాలుగు కిలోలే కాబట్టి, చిన్న బిగుతు డబ్బాల్లో ఆహారానికి తగిన పొట్లాలతో వాటిని దాచడం సులువు.

భక్తులు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది. లడ్డూ కవరులో ఈ పొట్లం వేస్తే ఎక్కువ రోజులు నిలవుంటుందా, అమెరికాలో ఉన్న పిల్లలకు పంపించవచ్చా అని. వేయకండి అనే చెబుతాను. లడ్డూ మెత్తగా ఉండేది దానిలోని కాస్త తేమ వల్లే. పొట్లం దాన్ని పీల్చితే లడ్డూ రాయి అవుతుంది. నెయ్యి చవురు వాసన రావడానికి కారణం గాలిలోని ఆక్సిజన్, దానికి సిలికా జెల్ ఏమీ చేయలేదు. బూజు పట్టడానికి కారణం ప్లాస్టిక్ కవరులో బిగించి పెట్టినప్పుడు లోపల పట్టే చెమట. పైగా సిలికా జెల్ విషం కాకపోయినా ప్రసాదంలో ఒక పొట్లం ఉంటే పసిపిల్లలు నోట్లో పెట్టుకుని గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. లడ్డూ కౌంటర్ల దగ్గర రెండు వాక్యాల బోర్డు పెట్టించండి: ‘ఇంటికి వెళ్లగానే కవరులోంచి తీసి పొడి స్టీలు డబ్బాలో ఉంచండి. తడి చేత్తో తాకకండి.’ పొట్లం కన్నా ఆ బోర్డు ఎక్కువ పని చేస్తుంది.

ఇవన్నీ చేయడానికి ముందు కొలత కావాలి. ఇందులో ఒక ముచ్చట ఉంది. జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ 1783లో తేమను కొలిచే పరికరాన్ని వివరించాడు. దానిలో కీలకం మనిషి తలవెంట్రుక. గాలిలో తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, తగ్గితే కురచవుతుంది. పూర్తి పొడి నుంచి పూర్తి తేమ దాకా తేడా రెండున్నర శాతం లోపే, కానీ ముల్లును కదిలించడానికి అది చాలు. నిన్న మొన్నటి దాకా ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో కాగితం చుట్ట మీద తేమ గీత గీసిన పరికరాలు ఈ వెంట్రుకల మీదే నడిచాయి. కల్యాణకట్టలో రోజూ తలనీలాలు కుప్పలు పోసే సంస్థకు తేమ కొలవడం కొత్త విద్య కావాల్సిన పని లేదు. ఇవాళ చిన్న డిజిటల్ మాపకాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి, మెమొరీతో వచ్చేవి గంటగంటకూ అంకెలు రాసి పెడతాయి.

కొనే విషయంలోనూ ఒక జాగ్రత్త. నీలం నుంచి గులాబీ రంగుకు మారే గింజలు చూడ ముచ్చటగా ఉంటాయి. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడుది, దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చి యూరప్ చాలా కాలంగా దూరం పెడుతోంది. టెండరులో నారింజ రంగు గింజలనే అడగండి. అవి తేమ పడితే ముదురాకుపచ్చకు మారతాయి. రంగు మీద కూడా పూర్తిగా ఆధారపడొద్దు. గింజలు ట్రేలో పోసి పొడిగా ఉన్నప్పుడు తూకం వేసి ఆ అంకెను ట్రే మీదే రాయించండి. నెలకోసారి మళ్లీ తూకం వేస్తే ఎంత నీరు తాగిందో తెలిసిపోతుంది. ఐదో వంతు బరువు పెరిగితే ఓవెన్‌లో ఎండబెట్టాలి. సరైన వేడిలో ఎండబెడుతూ ఉంటే అవే గింజలు మళ్లీ మళ్లీ ఏళ్ల తరబడి పనికొస్తాయి. వాడి పారేసే చిన్న పొట్లాలు కొంటే కొండమీద ప్లాస్టిక్ వద్దని భక్తులకు చెప్పే దేవస్థానమే చెత్త పెంచినట్టవుతుంది.

కాబట్టి నేను కోరేది ఇదీ. మొదట, రాగిరేకులు, తాళపత్రాలు, దస్తావేజులు, ఉగ్రాణం సరుకులు ఒక్కొక్కటి విడివిడిగా రాసి, దేనికి ఎంత తేమ ఉండాలో ఒకే పుటలో దిట్టం తయారు చేయించండి. రెండు, ఏ గదిలోనూ గింజలు పెట్టకముందే ఒక ఏడాది అంకెలు తీయించండి. పెట్టె సందులు మూయకుండా గింజలు కొనవద్దు. మూడు, ప్రతి పెట్టెకూ ఒక పేరు, ఒక రిజిస్టరు, తూకం వేసి సంతకం పెట్టే ఒక ఉద్యోగి ఉండాలి. ఆ ఉద్యోగి బదిలీ అయితే రిజిస్టరు చేతులు మారాలి, పని ఆగకూడదు. నాలుగు, తిరుపతి కళాశాలల రసాయన, జీవశాస్త్ర విద్యార్థులను ఈ తూకాలకు పిలవండి. వాళ్లకు చదువు, మీకు కాపలా, రెండూ దక్కుతాయి.

ఇదంతా ఒకేసారి చేయమని అడగడం లేదు. రాబోయే అక్టోబరు వానలకు ముందు తాళ్లపాక రేకులున్న ఒక్క గదితో మొదలుపెట్టండి. మొదటి ఏడాది కొలతలు, రెండో ఏడాది గింజలు. ఆ తర్వాత ఆ గది తేమ అంకెలను, గింజల తూకాలను, పెట్టిన ఖర్చును హుండీ కానుకలు లెక్కించే పరకామణి లెక్కలు బయటపెట్టినంత మామూలుగా బయటపెట్టండి. అంకెలు బాగుంటే మిగతా గదులకు విస్తరించవచ్చు. బాగుండకపోతే ఎక్కడ తప్పిందో చెప్పడానికి తిరుపతిలో మాలాంటి మాస్టార్లు చాలా మంది ఉన్నాం, పిలిస్తే వస్తాం.

సమాధానం కోసం ఎదురుచూస్తూ,

తిరుపతి వాసి,
ఒక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు